ఆడపడుచు అనే చేప

మా తమ్ముడు చేపను వెల్లకిలా పడుకోబెట్టే తీరు చూస్తే ఎవరికైనా ముచ్చటేస్తుంది. అరచేతిలో తడిగుడ్డ పరిచి, చేపను అందులో పెట్టి, గుడ్డ అంచుతో దాని కళ్ళు కప్పుతాడు. కళ్ళకి చీకటైతే కొట్టుకోవడం మానేస్తుందట. అప్పుడు బొటనవేలితో పొట్ట అడుగున మెల్లగా నొక్కి, "చూడక్కా, నీ కళ్ళు మంచివి" అంటాడు. నేను పళ్ళ సెట్లు తయారుచేసే ల్యాబులో పనిచేస్తాను. పొద్దస్తమానం భూతద్దం కింద మైనంతో పళ్ళు చెక్కుతాను కాబట్టి నా చూపు మీద వాడికి నమ్మకం. తోకకు ముందు రెండు చిన్న రంధ్రాలుంటాయి. వెనకది సన్నగా మొనదేలి ఉంటే మగది, వెడల్పుగా మొద్దుగా ఉంటే ఆడది. అంతే తేడా. ఆ కాస్త తేడా కోసం ఆ నీళ్ళలో జరిగే రచ్చ అంతా ఇంతా కాదు.

అవి జాగ్వార్ సిక్లిడ్ అనే జాతి చేపలు. బంగారు రంగు ఒంటి మీద నల్ల మచ్చలు, ముందుకు పొడుచుకొచ్చిన దవడ. పళ్ళ విషయంలో నా మాట నమ్మొచ్చు, ఆ నోట్లో ఉన్నవి అలంకారానికి పుట్టినవి కావు. హాల్లో సోఫా ఉండాల్సిన చోట మంచమంత తొట్టి పెట్టి, వచ్చినవాళ్ళని ప్లాస్టిక్ కుర్చీల్లో కూర్చోబెట్టేవాడు. వాడు లిఫ్టుల మెకానిక్. ఇంటికి రాగానే చేతులు సబ్బుతో మోచేతుల దాకా కడుక్కుని, పెళ్ళాన్ని పలకరించకముందే తొట్టి ముందు నిలబడేవాడు.

మొదట వేలెడేసి పిల్లల్ని ఆరింటిని తెచ్చి కలిపి పెంచాడు. జంట వాటంతట అవే కట్టుకోవాలట, మనం కట్టబెడితే చంపుకుంటాయట. పెరిగాక అన్నిటికన్నా పెద్ద మగది ఒక ఆడదాన్ని ఎంచుకుని, మిగతావాటిని మూలలకు తరిమి చితకబాదింది. వాడు వాటిని షాపుకి తిరిగిచ్చేశాడు. ఒక్కటి మాత్రం మిగిలిపోయింది. దాని కుడి కన్ను ఆ గొడవల్లోనే పోయింది. ఒంటికన్ను చేపను షాపువాడు తీసుకోనన్నాడు. అదీ ఆడదే, నేనే భూతద్దం పెట్టి చూశాను. దాన్ని బాల్కనీలో బక్కెట్టులో పడేశాడు.

జంట అయితే కుదిరింది కానీ కాపురం కుదరలేదు. మధ్యలో అద్దం పలక దించితే మగది అటువైపు నుంచి ఒళ్ళంతా వణికించుకుంటూ సరసాలాడేది. అద్దం తీస్తే చాలు, ఆడదాన్ని మూలకు నెట్టి రెక్కలు చీల్చేది. అడ్డం ఉన్నంతసేపూ ప్రేమ, అడ్డం లేకపోతే కుమ్ములాట. చాలా కాపురాలకి ఆ అద్దం పలక సదుపాయం కూడా ఉండదు. చివరికి చేపల షాపు పెద్దాయన ఉపాయం చెప్పాడు. మూడో చేపను వేస్తే ఇద్దరూ కలిసి దాని మీద పడతారు, ఒకరి జోలికి ఒకరు పోరు అని. బాల్కనీలో ఒంటికన్నుది ఉండనే ఉంది.

అది నీళ్ళలో పడ్డ క్షణం నుంచి మొగుడూ పెళ్ళాలు పక్కపక్కనే ఈదడం మొదలుపెట్టాయి. ఒకటి తల వైపు నుంచి, ఒకటి తోక వైపు నుంచి దాన్ని పొడిచేవి. పొడిచి వచ్చి ఒకదాని పక్కన ఒకటి నిలబడేవి. మా మరదలు చేతులు కట్టుకుని కాసేపు చూసి, "దీని పేరు ఆడపడుచు" అంది.

మా తమ్ముడు పొలమారేలా నవ్వాడు. నేనూ నవ్వాను. వాళ్ళింట్లో ఉంటున్న ఆడపడుచుని నేనే కాబట్టి నవ్వకపోతే బాగుండదు.

నేను ఆ ఇంటికి నా అంతట నేను పోలేదు. మా ఆయన నన్ను వదిలేసి చాలా కాలమైంది. దాని గురించి నాకు బాధ లేదు, మిగతావాళ్ళకే ఉంది. ల్యాబు దగ్గర కిటికీ ఉన్న ఒంటిగది అద్దెకు తీసుకుని, నా వంట నేను వండుకుని, నా పాటలు నేను వింటూ హాయిగా ఉన్నాను. ఒకరోజు మా తమ్ముడు ఫోన్ చేసి ఏడ్చాడు. "అక్కా, ఇల్లు నరకంలా ఉంది. పెద్దదానివి, నువ్వొచ్చి ఉంటే కుదురుకుంటుంది" అన్నాడు. చంకనెత్తుకుని పెంచినవాడు ఏడిస్తే కడుపు తరుక్కుపోతుంది కదా. పెద్దదానివి అన్న మాటకి కాస్త ఉబ్బిపోయాను కూడా. గది ఖాళీ చేసి, ఒక పెట్టెతో దిగాను.

దిగిన రోజే మరదలి పైపళ్ళ వరసలో ముందు పన్ను సగానికి విరిగి ఉండటం చూశాను. "బాత్రూంలో జారాను వదినా" అంది. బాత్రూంలో జారి విరిగిన పళ్ళు నేను చాలా చూశాను. జారినవాళ్ళకి గడ్డం చిట్లుతుంది. ఈ పిల్ల గడ్డం నున్నగా ఉంది, పెదవి లోపలి వైపు కోసుకుపోయింది. నేను ఏమీ అడగలేదు. డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళి, అచ్చు తీయించి, రంగు కలిపి, నా చేత్తో క్యాపు చేసి పెట్టించాను. ఏది అసలుదో ఏది నకిలీదో ఎవరూ చెప్పలేనంత బాగా కుదిరింది. చేతనైంది అదొక్కటే కాబట్టి అది చేశాను.

ఆ తర్వాత ఇల్లు నిజంగానే కుదురుకుంది. ఎలా కుదురుకుందో నాకు అర్థం కావడానికి టైం పట్టింది. భోజనానికి కూర్చోగానే మరదలు మొదలుపెట్టేది. "వదిన నడుస్తుంటే కింది పోర్షన్ వాళ్ళు పైన ఇల్లు కడుతున్నారా అని అడిగారండీ." మా తమ్ముడు అందుకునేవాడు. "చెప్పకపోయావా, కూలగొడుతోందని." ఆమె కూరలో ఉప్పు గురించి అంటే వాడు నా వయసు గురించి, ఆమె నా జుట్టు గురించి అంటే వాడు మా ఆయన గురించి. "బావది తప్పేం లేదులే, ఆ గురకకి ఎవరైనా పారిపోతారు" అని ఇద్దరూ కళ్ళూ కళ్ళూ కలుపుకునేవాళ్ళు. నన్ను ఒక పూట బాగా పొడిచారంటే ఆ పూటంతా చిలకా గోరింకలే. వాడు ఆమె ప్లేటులో ముక్క వేసేవాడు, ఆమె వాడి భుజం మీద గ్రీజు మరక తుడిచేది.

నాకు ముక్కు మీద కోపం. ఒక్కోసారి ప్లేటు వదిలేసి లేచి గదిలోకి పోయి, మాట్లాడటం మానేసేదాన్ని. అప్పుడు మరదలు టీ మంచం దగ్గరికి తెచ్చిచ్చేది. తమ్ముడు చెప్పులు కుట్టించి తెచ్చేవాడు. "మా అక్క లేకపోతే మేమేమైపోదుమో" అనేవాడు. నేను మెత్తబడి మళ్ళీ హాల్లోకి వచ్చి కూర్చునేదాన్ని. మర్నాడు భోజనాల దగ్గర మళ్ళీ మొదలు.

తొట్టిలోనూ అదే వరస. ఒంటికన్నుదానికి రెక్కలు పీలికలై, ఒంటి మీద పొలుసులు ఊడిపోయాక వాడు దాన్ని బయటికి తీసేవాడు. ముందు జంట మధ్యలో అద్దం పలక దించేవాడు, ఆ తర్వాతే వల. ఉప్పు వేసిన బక్కెట్టులో దాన్ని పెట్టి, నీలం మందు చుక్కలు వేసి, "పాపం, చూడు ఎలా అయిపోయిందో" అని నిజంగానే బాధపడేవాడు. తోక మళ్ళీ మొలిచేదాకా తన చేత్తో తిండి పెట్టేవాడు. నయం కాగానే తీసుకెళ్ళి మళ్ళీ అందులోనే వేసేవాడు.

ఒక ఆదివారం వాడితో పనిచేసేవాడొకడు చేపలు చూడటానికొచ్చాడు. నేను వంటింట్లో స్టవ్వు తుడుస్తున్నాను. తలుపు తెరిచే ఉంది. ఆ మూడోదాన్ని ఎందుకు పెట్టావు, పాపం అంత దెబ్బలు తింటోంది కదా అని అడిగాడు వచ్చినవాడు.

"అది లేకపోతే మగది ఆడదాన్ని చంపేస్తుంది" అన్నాడు మా తమ్ముడు. "కోపం ఎటో ఒకవైపు పోవాలి కదా. దానికో దారి చూపించాలి."

"కొంపల్లో కూడా అంతే గురూ."

"మా కొంపలో ఏర్పాటు ఉందిలే" అన్నాడు తమ్ముడు. వాడు గడ్డంతో వంటింటి వైపు చూపించి ఉంటాడు, ఎందుకంటే మరదలు వెంటనే, "నెమ్మదిగా అనండి, దానికి ఒక కన్ను ఇటే ఉంటుంది" అంది. ముగ్గురూ నవ్వారు.

నేను స్టవ్వు తుడవడం ఆపలేదు. తుడిచిన చోటే తుడిచాను. నేను పెద్దదాన్నని పిలవలేదు, పెద్దరికానికి పిలవలేదు. ఒంటికన్నుదాన్ని తొట్టిలో వేసినట్టు నన్ను తెచ్చి వేశారు. ఆ కోపమంతా కడుపులో పెట్టుకుని పడుకున్నాను.

మర్నాడు ఇద్దరూ పనికి పోయాక ల్యాబుకి సెలవు పెట్టాను. బక్కెట్టులో తొట్టి నీళ్ళే ముంచి, వల తీసుకుని, ఒంటికన్నుదాన్ని పట్టాను. పట్టడమేమిటి, వల చూడగానే అదే వచ్చి పడింది. వల అంటే దానికి ఉప్పునీళ్ళ విశ్రాంతి. దాన్ని మోసుకుంటూ షాపుకి పోయాను. "ఊరికే ఇస్తున్నాను, ఎక్కడైనా ఒక్కదాన్నే ఉంచండి" అన్నాను. పెద్దాయన బక్కెట్టులోకి వంగి చూశాడు.

"సరేనమ్మా, ఉంచుతాను. మధ్యలో అద్దం వేసే వచ్చావు కదా?"

వేయలేదు. ఆ అద్దం దించడం నేను ఎన్నిసార్లు చూశాను. చేతికందే దూరంలోనే గోడకి ఆనించి ఉంది. కోపంలో నాకు వల తప్ప ఇంకేమీ కనపడలేదు.

పరుగున వచ్చేసరికి ఆడది హీటరు వెనక ఇరుక్కుని ఉంది. కింది దవడ వేలాడుతోంది. మగది తీరిగ్గా ఒక చుట్టు తిరిగి రావడం, ఒక దెబ్బ వేయడం, మళ్ళీ తిరగడం. అద్దం దించాను. ఆడది పైకి తేలి, కాసేపు మూతి తెరిచి మూసి, పక్కకి ఒరిగిపోయింది. మంచిపని చేద్దామని పోయి దాన్ని చేజేతులా చంపాను.

మరదలు మందుల షాపులో క్యాషు కౌంటరు దగ్గర పనిచేస్తుంది. ఆ రోజు మధ్యాహ్నానికే ఇంటికొచ్చింది. చెప్పులు కూడా విప్పకుండా తొట్టి ముందు నిలబడింది. నేను జరిగింది చెప్పాను. తిడుతుందనుకున్నాను.

"ఎంతసేపు పట్టింది వదినా?" అంది.

"షాపుకి పోయి వచ్చేలోపే."

"అంతేలెండి. అంతే పడుతుంది" అంది.

సాయంత్రం తమ్ముడొచ్చాడు. చేతులు కడుక్కున్నాడు. చచ్చినదాన్ని తీసి కాగితం మీద పెట్టి, దవడ తెరిచి చూశాడు. నన్ను ఒక్క మాట అనలేదు. "నీకు తెలీదులే అక్కా" అన్నాడు, చంటిపిల్లతో అన్నట్టు. తర్వాత, "ఒకసారి ఇలా రా" అని మరదల్ని గదిలోకి పిలిచి తలుపు వేశాడు.

అరుపులేమీ వినపడలేదు. బీరువాకి ఏదో తగిలిన చప్పుడు, కాసేపు ఆగి మళ్ళీ అదే చప్పుడు. నేను హాల్లో తొట్టి అద్దం మీద చెయ్యి పెట్టుకుని నిలబడ్డాను. మగది నా వేళ్ళ దగ్గరికి వచ్చి మూతి ఆనించింది. నాకు భయమేసింది. తలుపు కొట్టలేదు.

పొద్దున మరదలు ఎడమచేత్తో టీ ఇచ్చింది. కుడిచెయ్యి పక్కటెముకలకి ఆనించుకుని ఉంది. తమ్ముడు ఈలవేసుకుంటూ పనికి పోయాడు. పోతూ, "సాయంత్రం కొత్తవి తెస్తా. ఈసారి పకడ్బందీగా చేద్దాం" అన్నాడు. వాడి మెట్ల చప్పుడు ఆగిపోయాక నేను మరదలి ఎదురుగా కూర్చున్నాను.

"నాతో వచ్చేయ్. ల్యాబు పైన గది ఉంది, రాత్రే మా ఓనరుని ఫోన్లో అడిగాను. ఇద్దరికీ సరిపోతుంది."

ఆమె కప్పు కింద పెట్టింది. "మిమ్మల్ని పిలిపించమన్నది నేనే, తెలుసా" అంది.

"నువ్వా?"

"పన్ను విరిగిన రోజు చెప్పాను ఆయనకి, మీ అక్కని రమ్మనండి, ఇల్లు బాగుంటుందని. మీరొచ్చాక ఆయన నన్ను ముట్టుకోలేదు. భోజనాల దగ్గర నేను ముందు మిమ్మల్ని ఏదో ఒకటి అంటే ఆయన అందుకుంటాడు. నేను అనకపోతే ఆయన నాతో మొదలుపెడతాడు. ఏ రోజుకారోజు ఏమనాలా అని కౌంటరులో కూర్చుని ఆలోచించుకునేదాన్ని."

జాలి పడాల్సిన చోట నాకు ఒళ్ళు మండింది. నా నడక, నా కూరలో ఉప్పు, నా జుట్టు, అన్నీ ఈమె పని మధ్యలో కూర్చుని ఏరుకున్నవి. "బాగా తయారుచేశావు, ఒక్కటీ గురి తప్పలేదు" అన్నాను. ఆమె తల దించుకుంది. ఆ తల దించుకోవడం చూసి నాకు కాస్త సుఖంగా ఉన్న మాట నిజం. ఇంకో రెండు మాటలు కూడా అన్నాను, వాటిని ఇక్కడ రాయను. అన్నాక, "లే. బట్టలు సర్దుకో" అన్నాను.

లేచింది. నా పెట్టె పక్కన తన నీలం బ్యాగు పెట్టింది. చీరలు, చదువు సర్టిఫికెట్లు, స్వెట్టరు, ఒక జత చెప్పులు పేపర్లో చుట్టి. కుడిచెయ్యి పైకి లేవడం లేదు. జిప్పు నేనే లాగాను. వాడు రావడానికి ఇంకా చాలా టైముంది కదా అని, నన్ను చూసి మొదటిసారి పళ్ళు కనపడేలా నవ్వింది. నేను చేసిన క్యాపు చక్కగా ఉంది.

మెట్ల మీద చప్పుడైంది. తలుపు తెరుచుకుంది. వాడు ఒక చేతిలో నీళ్ళు నింపిన ప్లాస్టిక్ కవరు పట్టుకుని ఉన్నాడు. అందులో కొత్త ఆడది, దాని పక్కన ఇంకో చిన్న చేప. కవరులో చేపలకి గాలి అయిపోతుందని పని మధ్యలోనే వచ్చేశాడు. హాలు మధ్యలో పెట్టె, నీలం బ్యాగు.

"ఎవరెళ్తున్నారు?" అన్నాడు.

నేను నోరు తెరిచాను. తెరిచేలోపే మరదలు, "వదినండీ" అంది.

"రెండున్నాయేంటి?"

"రెండూ వదినవే."

"వచ్చినప్పుడు పెట్టె ఒక్కటే కదక్కా" అన్నాడు వాడు నా వైపు తిరిగి. గొంతు చాలా మెత్తగా ఉంది.

మరదలి ముఖం చూశాను. భోజనాల దగ్గర ఉండే ముఖం అప్పటికే వచ్చేసింది. పెదవి ఒక పక్కకి లాగి, కళ్ళల్లో ఆ ఎత్తిపొడుపు నవ్వు. కుడిచెయ్యి మాత్రం పక్కటెముకలకి ఆనించుకునే ఉంది. కాదు, ఒకటి తనది, తను నాతో వస్తోంది అని నేను అనొచ్చు. అని, వాణ్ణి తోసుకుని ఆమె చెయ్యి పట్టుకుని దిగిపోవచ్చు. పోగలమా. పోలేకపోతే తలుపు మళ్ళీ మూసుకునేది నా మీద కాదు.

"అవున్రా. రెండూ నావే" అన్నాను.

"ఇన్నాళ్ళూ మన ఇంట్లో తిని కూడబెట్టుకుంది, పట్టుకుపోనివ్వండి" అంది మరదలు. "పీడా పోయింది."

వాడు నవ్వాడు. నవ్వుతూ ఆమె భుజం చుట్టూ చెయ్యి వేశాడు. ఆమె ఒక్కసారి కళ్ళు మూసుకుని తెరిచింది, నొప్పికి. తర్వాత తన బ్యాగు తనే ఎడమచేత్తో ఎత్తి, గుమ్మం దాకా తెచ్చి నా చేతికిచ్చింది. దాని పట్టీ నా వేళ్ళకి సరిగ్గా అందిందో లేదో చూసి మరీ వదిలింది. నేను మెట్లు దిగుతుంటే పైన గడియ పడింది.

ల్యాబు పైన గది బాగానే ఉంది. నీలం బ్యాగు మంచం కింద పెట్టాను. ఏ రోజైనా వస్తుందని ఎదురుచూశాను. ఫోన్ చేస్తే ఎత్తలేదు. చివరికి ఒక మధ్యాహ్నం ఆ బ్యాగు భుజాన వేసుకుని వాళ్ళ మందుల షాపుకి పోయాను. అక్కడైతే వాడుండడు, నిజం మాట్లాడుతుంది, కౌంటరు దిగి నాతో వచ్చినా వస్తుంది అనుకున్నాను. దారిపొడుగునా ఆమెకి ఏం చెప్పాలో వల్లెవేసుకుంటూ పోయాను.

వరసలో నిలబడ్డాను. నా వంతొచ్చాక బ్యాగు కౌంటరు మీద పెట్టాను. ఆమె దాన్ని చూసింది, నన్ను చూసింది. మనిషి కాస్త ఒళ్ళు చేసింది. చేతులు రెండూ బాగా ఆడుతున్నాయి.

"ఇది నాది కాదు వదినా" అంది, బ్యాగును నా వైపు నెట్టి.

"ఇక్కడ వాడు లేడు. రా, పోదాం."

"ఎందుకండీ? ఇప్పుడేం ఇబ్బంది లేదు. మా అమ్మని తెచ్చుకున్నాం. మీ గదిలోనే ఉంటోంది." చిల్లర డబ్బా మూత వేసి, నా వెనకున్నవాళ్ళ చీటీ కోసం చెయ్యి చాచింది. "అమ్మకి చెవులు సరిగ్గా వినపడవు. ఏమన్నా సగం నవ్వుతూనే ఉంటుంది. మీలా అలగదు."